ఆరు సైట్లు, నలుగురు మనుషులు, శనివారం వస్తే చేతిలో లెక్క లేదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరులో రెండేళ్ళుగా సొంతంగా ఇళ్ళ వైరింగ్ కాంట్రాక్టులు చేస్తున్నావు. ఇప్పుడు ఒకేసారి ఆరు ఇళ్ళు నడుస్తున్నాయి, నలుగురు మనుషులున్నారు, బయటి నుంచి రావాల్సింది 3 లక్షల 40 వేలు. అయినా ప్రతి శనివారం బట్వాడా (మనుషులకిచ్చే వారం కూలి) కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నావు. "పని బాగానే చేస్తున్నా, పేరు కూడా ఉంది, తప్పెక్కడ జరుగుతోందన్నా" అని అడిగావు.

నేను కడపలో ఇదే పని 23 ఏళ్ళుగా చేస్తున్నా. అందులో మొదటి ఎనిమిదేళ్ళు అచ్చం నీలాగే గడిచాయి. కస్టమర్లు ఎగ్గొడుతున్నారని నువ్వు అనుకుంటున్నావు. ఒకరిద్దరు అలాంటివాళ్ళు ఉండొచ్చు. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి నాకు కనిపించిన అసలు తప్పు వాళ్ళది కాదు. ఆ "ఆరు ఇళ్ళు" అన్నావే, అక్కడుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. నీ దగ్గర ఇద్దరు పనివాళ్ళకు రోజుకు 900, ఇద్దరు హెల్పర్లకు 600 అనుకో. రోజుకు 3,000, ఆరు రోజులకు 18,000. ఒక ఇంట్లో గోడలు కటింగ్ చేసి, పైపులు పెట్టి, బాక్సులు బిగించడానికి నలుగురికీ కలిపి వారం పడుతుందనుకో. అది ముగిస్తే నీకు రావాల్సింది 24,000. ఇప్పుడు ఆరిళ్ళలోనూ అదే పని ఉందనుకో. సోమవారం ఒకరింటికి, మంగళవారం ఇంకొకరింటికి, ఇలా ఎవరూ అరవకుండా మనుషులను తిప్పుతున్నావు. అలా తిప్పితే ఆరిళ్ళలోనూ ఆ పని ముగిసేది ఆరో వారంలో. అంతవరకూ ఎవరింట్లోనూ పని "అయిపోలేదు" కాబట్టి ఎవరినీ గట్టిగా అడగలేవు. ఐదు బట్వాడాలు, 90,000, అప్పు తెచ్చి ఇచ్చావు. అదే నలుగురినీ ఒకే ఇంట్లో పెట్టి, ముగించి, రెండో ఇంటికి పోయుంటే మొదటి శనివారానికే 24,000 అడిగే హక్కు వచ్చేది. 18,000 ఇచ్చేసి 6,000 జేబులో వేసుకునేవాడివి. పని అంతే, మనుషులంతే, ఆరు వారాల చివర వచ్చేదీ అంతే. అప్పు మాత్రం పుట్టేది కాదు.

ఇంకో సంగతి చూడు. ఆ ఐదు వారాల అప్పుకు వడ్డీ కడితే రెండు వేల లోపే తేలుతుంది. అందుకే నొప్పి తెలియదు. కానీ ఆరో వారం ఆరుగురూ ఒకే రోజు ఇవ్వరు కదా. ఇద్దరిస్తారు, ఆ డబ్బు అప్పుకు పోదు, ఏడో వారం బట్వాడాకు పోతుంది. అప్పు అలాగే నిలబడుతుంది. ఈ రోజు నీకు బయట నిలిచిపోయిన 3 లక్షల 40 వేలకు సమానంగా మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నడుపుతున్నావనుకుంటే నెలకు 10,200. అంటే నీ దగ్గర ఒక మంచి పనివాడు పదకొండు రోజులు చేసిన కూలి, ఎవరింటికీ పని చేయకుండా పోతోంది.

కాబట్టి మొదట చేయాల్సింది సైట్లు తగ్గించడం. ఒకటి పెద్దది, దానికి తోడు ఇంకొకటి. రెండోది ఎందుకంటే మన పని మన చేతిలో ఉండదు. మేస్త్రీ గోడ లేపకపోతే మనకు పని లేదు, ప్లాస్టరింగ్ ఆగితే మన మనుషులు ఖాళీ. స్లాబు పైపులకు మాత్రం ఈ నియమం పనికిరాదు. కాంక్రీటు పోసే రోజు పెట్టాక అది నీ కోసం ఆగదు, పోయి వేసి రావాల్సిందే. మిగతా నలుగురు కస్టమర్లకూ ఇలా చెప్పు: "అన్నా, మీ ఇంటికి ఫలానా తేదీన వస్తా. వచ్చానంటే ఆరు రోజుల్లో ఈ పని ముగించే పోతా, మధ్యలో ఇంకో ఇంటికి మనిషిని పంపను." రోజూ ఒక హెల్పర్ వచ్చి రెండు గంటలు గోడ గీరిపోవడం కంటే ఇది వాళ్ళకూ నచ్చుతుంది. ఒకరు వేరేవాళ్ళను పెట్టుకుంటే పెట్టుకోనీ. నేను ఈ పద్ధతికి మారిన ఏడాది రెండు ఇళ్ళు పోగొట్టుకున్నా. ఆ ఏడాదే మొదటిసారి దీపావళికి అప్పు లేకుండా పండగ చేసుకున్నా.

ఇక నోటు బుక్కు సంగతి. మన సీమలో డబ్బును "లెక్క" అనే అంటాం కదా. లెక్క వచ్చిందా, లెక్క ఇచ్చాడా అని. మాట అంత దగ్గరగా ఉన్నా మనలో లెక్క రాసేవాళ్ళు తక్కువ. నేను పెద్ద ఖాతాలేమీ రాయను. ప్రతి సైటుకూ ఒక పేజీ, మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క ఈ వారం వరకూ జరిగిన పని విలువ. కుడి పక్క అందింది. ప్రతి బుధవారం రాత్రి తినేముందు రెండింటికీ తేడా తీసి కింద రాస్తా. దాన్ని నేను "ఎడం" అంటా. ఏ ఒక్క సైటులోనూ ఆ ఎడం నా ఒక వారం బట్వాడాను దాటకూడదు. నీకైతే 18,000. దాటిందంటే గొడవ పడను, మాట జారను. మరుసటి రోజు మనుషులను రెండో సైటుకు మళ్ళిస్తా. "పనివాళ్ళు అక్కడున్నారన్నా, మీ విడత పడగానే ఇక్కడికి తెస్తా" అంటా. అంతే. పని ఆపేశానని ఎవరూ అనలేరు, విడత ఇవ్వకుండా పని జరగదని వాళ్ళకు అర్థమవుతుంది.

దీనికి ముందు విడతలు సరిగ్గా పడాలి. లక్ష రూపాయల లేబర్ కాంట్రాక్టుకు నేను ఇప్పుడు పెట్టుకునేది ఇలా ఉంటుంది: మాట ఖాయం చేసుకున్న రోజు 10 వేలు, స్లాబు పైపులు అయ్యాక 20, గోడల కటింగ్, బాక్సులు అయ్యాక 24, వైర్లు లాగాక 24, స్విచ్చులు, మెయిన్ బోర్డు బిగించాక 17, కరెంటు ఇచ్చి లైట్లు, ఫ్యాన్లు తిప్పి చూపించాక చివరి 5 వేలు. నువ్వు చేస్తున్నది చూడు: అడ్వాన్సు 5 వేలు, మధ్యలో "అవసరమైనప్పుడు" ఎంతో కొంత, మిగతాది పని అయ్యాక. అంటే నీ లాభమంతా చివరి రోజులో పెట్టావు. చివరి రోజున ఇంటివాళ్ళకు నీతో అవసరం తీరిపోతుంది. వసూలు చేయడానికి అంతకంటే చెడ్డ రోజు ఇంకోటి లేదు.

అది నాకెలా తెలిసిందో చెప్తా. 2011లో ఒక ఇల్లు చేశా. ఇంటాయన కువైట్‌లో ఉండేవాడు, గృహప్రవేశానికని నెల సెలవు మీద వచ్చాడు. నాకు రావాల్సింది 46,000, అంతా చివరికే మిగిలింది. ముహూర్తానికి ముందు రెండు రాత్రులు రెండు గంటల దాకా పని చేశాం. "ప్రవేశం కానీ అన్నా, తెల్లారి నీ లెక్క నీకిస్తా" అన్నాడు. మంచి మనిషే. ప్రవేశం రోజు మేస్త్రీకి, వడ్రంగికి, నాకు వరసగా పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. పంచె, టవలు, తాంబూలం. ఆ టవలు భుజాన వేసుకొని, చొక్కా జేబులో బిల్లు చీటీ పెట్టుకొని, గేటు దగ్గర అరగంట నిలబడ్డా. నోరు పెగల్లేదు. బట్టలు పెట్టిన చేతిని డబ్బు అడగడమెలా? మరుసటి రోజు పోతే షామియానావాడు, వంటవాళ్ళు, పురోహితుడు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. పదో రోజుకు ఆయన విమానమెక్కాడు. రెండేళ్ళలో మూడు విడతలుగా 31,000 వచ్చింది. మిగతా 15,000 రాలేదు. ఆ పంచె ఇంకా బీరువాలో ఉంది. మా ఆవిడ దాన్ని "పదిహేను వేల పంచె" అంటుంది.

అప్పటి నుంచి బేరం కుదిరేటప్పుడే అడిగేస్తా, "గృహప్రవేశం ఎప్పుడనుకుంటున్నారు?" అని. ఆషాఢం లోపలా, శ్రావణంలోనా, మూఢం ఏమైనా అడ్డు వస్తుందా, అన్నీ వాళ్ళకు ముందే తెలిసి ఉంటాయి. ఆ తేదీకి పది రోజుల ముందుకు స్విచ్చుల విడత వచ్చేలా పని జరుపుతా. ముహూర్తం రోజుకు నాకు రావాల్సింది ఆ 5 వేలు మాత్రమే ఉండాలి. అది రాకపోయినా పంచెకు సరిపోయిందనుకుంటా.

అడగడం గురించి నువ్వేమీ రాయలేదు గానీ, "అడిగితే ఏమనుకుంటారో" అని ఒక్క మాట అన్నావు. దాంట్లోనే తెలుస్తోంది. అడగడానికి మన దగ్గర రోజులున్నాయి తమ్ముడూ. మంగళవారం, శుక్రవారం చాలా ఇళ్ళలో చేతి నుంచి డబ్బు బయటికి పోనివ్వరు. సందె దీపం పెట్టాక ఏ రోజూ ఇవ్వరు. నువ్వేమో శుక్రవారం సాయంత్రం పని దిగాక పోయి అడుగుతుంటావనుకుంటా, ఎందుకంటే శనివారం బట్వాడా కాబట్టి. లేదని వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, నువ్వు పోయిన వేళ అలాంటిది. సోమవారం మెసేజ్ పెట్టు, బుధవారం కాకపోతే గురువారం పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య పో. ఫోన్‌లో పంపుతామనేవాళ్ళకు కూడా పొద్దునే గుర్తు చెయ్. సాయంత్రమైతే "ఈ రోజు లిమిట్ అయిపోయింది" అన్న మాట వినాల్సి వస్తుంది. అదీ అన్నిసార్లూ అబద్ధం కాదు. మామూలుగా యూపీఐలో రోజుకు లక్షే పోతుంది, అదే రోజు సిమెంటుకో ఇసుకకో పంపి ఉంటారు.

మాట కూడా ముఖ్యం. "కొంచెం చూడండన్నా, ఇబ్బందిగా ఉంది" అనకు. నీ ఇబ్బందితో వాళ్ళకు పని లేదు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకున్నాయి. పిల్లల ఫీజు, ఇంట్లో జ్వరం, ఇవేవీ ఎత్తకు. పని పేరు చెప్పు, అంకె చెప్పు, రోజు చెప్పు: "అన్నా, గోడల కటింగ్, బాక్సులు నిన్నటితో ముగిశాయి. మాట్లాడుకున్న ప్రకారం 24 వేలు. గురువారానికి సర్దితే శనివారం నుంచి వైర్లు మొదలుపెడతా." "ఇప్పటికి పది తీసుకుపో" అంటే తీసుకో, మొహం చిట్లించకు. బండి ఎక్కకముందే వాట్సాప్‌లో రాసి పంపు: "ఈ రోజు 10,000 అందింది. ఇప్పటివరకు మొత్తం ఇంత, ఈ విడతలో మిగిలింది 14,000." వాళ్ళ నుంచి "సరే" అని వస్తే చాలు. వాయిస్ మెసేజ్ వద్దు, ఆరు నెలల తర్వాత ఎవరూ వెతకలేరు.

ఇంట్లో లెక్క ఎవరి చేతిలో ఉందో కూడా కనిపెట్టాలి. కడప చుట్టుపక్కల, రాయచోటి, రాజంపేట వైపు పని చేసినవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. మొగుడు గల్ఫ్‌లో ఉంటాడు, ఇల్లు కట్టించేది భార్య, డబ్బు వచ్చేది మామ ఖాతాలోకి. నువ్వు ఆ అమ్మను అడిగితే ఆమె ఫోన్ చేయాలి, ఆయన జీతం పడాలి, పంపాలి, మామ బ్యాంకుకు పోవాలి. అక్కడ జీతాలు పడే వారం ఏదో అడిగి తెలుసుకొని నీ విడతను ఆ తర్వాతి వారానికి పెట్టుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. బ్యాంకు లోనుతో కట్టే ఉద్యోగస్తులది ఇంకో రకం. లోను ఒకేసారి రాదు. పునాది, స్లాబు, ఫినిషింగ్ అంటూ బ్యాంకు మనిషి వచ్చి చూసిపోయాక విడతలుగా పడుతుంది. "మీ బ్యాంకు విడతలు ఎప్పుడెప్పుడు?" అని మొదటి రోజే అడిగి, నీవి వాటి పక్కనే రాసుకో. పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటల రైతులైతే కాయ తెగినప్పుడే ఇస్తారు. మధ్యలో ఎన్నిసార్లు పోయినా మజ్జిగ ఇచ్చి పంపుతారు. వాళ్ళ దగ్గర నేను అడ్వాన్సే ఎక్కువ తీసుకుంటా. మీ ఊళ్ళో బంగారం, బట్టల వ్యాపారులది నీకే బాగా తెలిసుంటుంది. నేను చూసినంతలో వాళ్ళు బేరం గట్టిగా ఆడతారు, రాసిన కాగితానికి మాత్రం కట్టుబడతారు. రాయని మాటకు మాత్రం కాదు.

రాయని మాట అంటే ఎక్కువగా ఎక్స్‌ట్రాలే. "ఒక్క పాయింటే కదా" అని మొదలవుతుంది. గీజరు పాయింటు ఈ గోడ నుంచి ఆ గోడకు, దేవుడి గదిలో ఇంకో లైటు, గేటు దగ్గర కెమెరాకు పైపు. ఇంటి చివరికి వచ్చేసరికి ఇవన్నీ కలిపి పది, పదిహేను వేల పని. చివర్లో చెప్తే "ఇవి కూడా వేరేనా?" అంటారు. అడిగిన రోజే, పని ముట్టుకోకముందే, "గీజరు పాయింటు మార్పు, 600" అని మెసేజ్ పెట్టు. మొదటి రెండు చిన్నవి ఉచితంగా చేసినా సరే, "600, తీసుకోవడం లేదు" అని రాసి పెట్టు. ఉచితానికి కూడా ఒక ధర ఉందని తెలిస్తే మూడోది అడిగేటప్పుడు ఆలోచిస్తారు.

సామాను నీ ఖాతా మీద తెచ్చి పెడుతున్నావని రాశావు. అది ఈ రోజే ఆపు. వైర్లు, పైపులు, స్విచ్చుల లిస్టు రాసివ్వు, షాపుకు వాళ్ళనే తీసుకుపో, బిల్లు వాళ్ళ పేరుతో కొట్టించు, డబ్బు వాళ్ళనే కట్టమను. షాపువాడిచ్చే కమీషన్, వైరు డబ్బాల్లో వచ్చే కూపన్లు పోతాయని నీకు బాధగా ఉంటుంది. నాకూ ఉండేది. కానీ 60,000 సామాను నీ పేరున నెల రోజులు అప్పు నిలిస్తే మూడు రూపాయల లెక్కన 1,800. అదీకాక షాపువాడు రేపు నీకు అప్పివ్వడం మానేస్తాడు. ఇంకో లాభం పన్ను లెక్కలో ఉంది. సామాను నీ బిల్లులో కలిస్తే అదంతా నీ టర్నోవరే. కూలి మాత్రమే నీదైతే, ఏడాదికి 14 లక్షల పని చేస్తున్నానన్నావు కాబట్టి, సర్వీసులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే 20 లక్షల గీత లోపలే ఉంటావు.

అడ్వాన్సు గురించి ఒక మాట. కొత్త ఇంటి అడ్వాన్సు చేతికి రాగానే పాత ఇంటి బట్వాడా ఇచ్చేయడం మనందరికీ అలవాటు. వీడి టోపీ వాడికి, వాడి టోపీ వీడికి. కొత్త ఇల్లు దొరికినన్నాళ్ళూ ఇది నడుస్తుంది. నెల రోజులు కొత్త పని రాకపోతే ఒక్కసారిగా అన్నీ బయటపడతాయి. అందుకే మనవాళ్ళు చేయలేనంత పని ఒప్పుకుంటారు, పని కోసం కాదు, అడ్వాన్సు కోసం. నీ ఆరిళ్ళలో రెండు అలా ఒప్పుకున్నవే అయ్యుంటాయని నా అనుమానం. అడ్వాన్సు వేరే బ్యాంకు ఖాతాలో పడనీ, ఆ ఇంటి పని మొదలయ్యేదాకా దాన్ని ముట్టకు. నీకు కూడా వారానికి ఇంత అని కూలి పెట్టుకొని శనివారం తీసుకో, మిగతా రోజుల్లో సైటు లెక్కలో చెయ్యి పెట్టకు. వచ్చిన ప్రతి విడతలో వందకు ఐదు పక్కన వేస్తూ పో. నాలుగు బట్వాడాలకు సరిపడా, అంటే నీకు 72,000, జమయ్యేదాకా. ఏడాదికి 14 లక్షల పని అంటే ఐదు శాతం 70,000. ఏడాదిలో దగ్గర దగ్గర సరిపోతుంది. చీటీ వేస్తానంటావేమో. డ్రిల్లింగ్ మిషన్ కొనడానికి చీటీ సరే. బట్వాడా కోసం చీటీ పాడితే పాటలో పోగొట్టుకున్నదాని భారం నెలనెలా మోయాలి.

మూడు రూపాయల వడ్డీ నుంచి బయటపడే దారి ఇంకోటి ఉంది. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోవడం అలవాటు చేసుకో, ఆదాయపు పన్ను రిటర్ను వెయ్. మనలాంటి చిన్నవాళ్ళు పూర్తి ఖాతాలు చూపకుండా నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం లాభంగా చూపే వీలుంది. రెండేళ్ళ రిటర్నులు, ఖాతాలో కనిపించే రాబడి ఉంటే ముద్రలోను (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే లోను) అడగడానికి మొహం ఉంటుంది. అందులో 50 వేల దాకా శిశు, ఆపైన 5 లక్షల దాకా కిశోర్ అంటారు. బ్యాంకు వెంటనే ఇస్తుందని నేను చెప్పను, నన్ను నాలుగు నెలలు తిప్పారు. అయినా మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. దానిముందు బ్యాంకు వడ్డీ ఎంతైనా తక్కువే. ఇంకోటి, ఒకే పనికి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. పెద్ద బిల్డర్లు నగదు అంటగట్టాలని చూస్తారు, గుర్తుంచుకో.

పాత బాకీలకు వద్దాం. ఆ 3 లక్షల 40 వేలను ఒక కాగితం మీద వేరువేరుగా రాయి: ఎవరు, ఎంత, పని ముగిసిన తేదీ. తేదీ ఎందుకంటే, ప్రోనోటుకు మూడేళ్ళని మన ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామూలు పని బాకీకి కూడా పని ముగిసినప్పటి నుంచి మూడేళ్ళే అన్నది చాలామందికి తెలియదు. గడువు లోపల వాళ్ళు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టి రాసిచ్చినా మళ్ళీ అక్కడి నుంచి మూడేళ్ళు. ప్రోనోటు వెనక చెల్లు వేయించుకుంటారే, అదే సంగతి. కాబట్టి "మొత్తం ఇవ్వండి" అని తిరగడం మానేసి "నెలకు ఐదు వేలు, ఈ కాగితం మీద సంతకం" అని అడుగు. చెక్కు ఇస్తే ఇంకా మంచిది. చెక్కు తిరిగొస్తే బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్ళకు 15 రోజుల గడువు, ఆ గడువు దాటాక నెలలోపు కోర్టులో కేసు వేయాలి. ఈ తేదీల్లో ఒకటి తప్పినా కేసు బలం పోతుంది, కాబట్టి చెక్కు తిరిగొచ్చిన రోజే వకీలును కలువు.

అంత దూరం పోనక్కర్లేని బాకీలకు లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఆఫీసు ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ కుదురుతుంది. కుదిరితే మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. నా పాత బాకీల్లో ఒకటి అలాగే వచ్చింది, 22,000, నాలుగు వాయిదాల్లో. "పెద్దమనుషుల" దగ్గర పంచాయితీ పెట్టించుకోమని నీకు ఎవరో చెప్పే ఉంటారు. వచ్చినదాంట్లో సగం వాళ్ళకు పోతుంది, ఆ తర్వాత వాళ్ళ ఇళ్ళలో పని ఉచితంగా చేయాల్సి వస్తుంది. ఇంకో మాట, ఎంత కోపమొచ్చినా బిగించిన బోర్డులు పీకడం, వైర్లు కోయడం చేయకు. నాకు తెలిసిన ఒకతను చేశాడు. 18,000 బాకీ అలాగే ఉండిపోయింది, స్టేషన్ చుట్టూ మాత్రం ఆరు నెలలు తిరిగాడు.

కొప్పర్తి వైపు కంపెనీల్లో పని దొరికితే తీసుకోనా అని అడిగావు. తీసుకో, కానీ మొదట ఆ 72,000 జమయ్యాక. వాళ్ళు వారం వారం ఇవ్వరు, నెలాఖరు బిల్లు, ఆపైన 45 రోజులు. ఒక బిల్లు 30 వేలు దాటినా, ఏడాదికి అన్నీ కలిపి లక్ష దాటినా 1 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే కొంత, కోసుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. ఆ 1 శాతం నీ పేరు మీదే జమవుతుంది, రిటర్ను వేస్తే నీ పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే తిరిగొస్తుంది. ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకో, ఆన్‌లైన్‌లో ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు. చిన్న సంస్థల బాకీలపై 2006 చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ చక్రవడ్డీ. సామాను, పని కలిపి చేసే కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అని కోర్టుల్లో వాదనలు జరిగాయి. కూలి బిల్లు మాత్రమే వేస్తే నీ పక్షం గట్టిగా ఉంటుంది. నిజానికి ఆ వడ్డీ అడిగి తీసుకున్నవాణ్ణి నేను చూడలేదు, అడిగితే మళ్ళీ పని ఇవ్వరు. కానీ ఇప్పుడు గడువు దాటి, మార్చితో ముగిసే లెక్కల ఏడాదిలోపు కూడా కట్టకపోతే ఆ ఖర్చును వాళ్ళ ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది చూపుకోలేరు. అందుకే మార్చి నెలలో వాళ్ళ అకౌంటెంటుకు ఉద్యం నంబరు వేసిన బిల్లు పట్టుకొని ఒకసారి కనిపించు. ఆ నెలలో వాళ్ళే పిలిచి ఇస్తారు. జీఎస్టీ తీసుకున్నాక మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో, బిల్లు వేశావంటే దాని మీద పన్ను నీ రిటర్ను గడువుకు కట్టాల్సిందే. వాళ్ళు నీకిచ్చారా లేదా అని ఎవరూ అడగరు. బిల్లు ఎప్పుడు వేయాలన్నది అకౌంటెంటును అడిగి వెయ్.

చివరగా, ఆ బట్టల షాపు ఆయన ఇల్లు. గృహప్రవేశం ఇంకా మూడు వారాలుందని, 41,000 రావాలని, స్విచ్చులయ్యాయి, ఫ్యాన్లు, లైట్లు బిగించాలని రాశావు. మిగతా ఐదిళ్ళూ తర్వాత, మొదట ఇక్కడికే పో. ఈ సోమవారం మెసేజ్ పెట్టు, బుధవారం పొద్దున షాపు తీయకముందు ఇంటి దగ్గరే కలువు. 36,000 ఇప్పుడు, 5,000 ఫ్యాన్లు తిరిగాక అని చెప్పు. ఆ 36,000 వచ్చేదాకా ఫ్యాన్ల డబ్బాలు విప్పకు. బట్టలు పెడతాం రమ్మంటే పో, పీట మీద కూర్చునే రోజుకు మాత్రం నీ జేబులో చీటీ ఉండకూడదు.